పెన్సిలుతో రాసిన పేర్లు

ముప్పై ఒక్క ఏళ్లు పాస్టరుగా పనిచేసి దిగిపోయాను. ఆ తరువాత కొన్నాళ్లకు, కొత్తగా సేవలోకి వస్తున్న కుర్రవాళ్లకు నాలుగు మాటలు చెప్పమని ఒక ట్రైనింగ్ స్కూలు వాళ్లు పిలిచారు. వెళ్లి చెప్పాను. వాళ్లు నోట్సు రాసుకున్నారు, టీ తాగారు, వెళ్లిపోయారు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని కూర్చున్నాక చూసుకుంటే, అసలు చెప్పవలసింది ఒక్కటీ చెప్పలేదని తెలిసింది. ప్రసంగం ఎలా తయారు చేసుకోవాలి, కమిటీతో తగాదా రాకుండా ఎలా నెట్టుకు రావాలి, ఇవే చెప్పాను. అవి ఎవరైనా చెబుతారు. క్రిస్మస్‌కు మాత్రమే చర్చికి వచ్చేవాళ్ల గురించి ఒక కుర్రవాడు అడిగితే మాత్రం నవ్వి దాటేశాను. ఆ జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ఎక్కడెక్కడ పనిచేశానో, ఎప్పుడు ఏ హోదా వచ్చిందో రాయను. దానితో మీకు పని లేదు. ఈ సంగతి జరిగింది వ్యాసర్పాడి తెలుగు చర్చిలో. నేను అక్కడ చేరినప్పుడు ఊరు ఇంకా మద్రాసే. బదిలీ అయి వచ్చేసేటప్పటికి బోర్డుల మీద చెన్నై అని మారుస్తున్నారు.

డిసెంబరు జోకు

ప్రతి పాస్టరు దగ్గరా ఒక డిసెంబరు జోకు ఉంటుంది. నాది ఇది. క్రిస్మస్ ఆరాధనలో ప్రసంగం మొదలుపెడుతూ, "అందరికీ హ్యాపీ క్రిస్మస్. మళ్లీ వచ్చే డిసెంబరు దాకా కనబడనివాళ్లకు హ్యాపీ న్యూ ఇయర్, హ్యాపీ ఈస్టర్ కూడా ఇప్పుడే చెప్పేస్తున్నా" అనేవాణ్ణి. ముందు బెంచీల వాళ్లు పడీపడీ నవ్వేవారు. వెనక బెంచీల వాళ్లు కూడా నవ్వేవారు, కాస్త ఆలస్యంగా. నాకు అది చాలా బాగా పేలిందని అనిపించేది. నాలుగేళ్లు అదే వాడాను.

మామూలు ఆదివారం మా చర్చిలో సగం బెంచీలు నిండితే గొప్ప. క్రిస్మస్ రోజు వరండాలో కూడా నిలబడేవారు. పురసవాక్కం బజారులో కొన్న చీరలు, షర్టులు, ఇంకా షాపు మడతలు పోలేదు. ఎదురింటి హిందువులు వస్తారు, టీ కొట్టాయన వస్తాడు, స్టేషన్ నుంచి కానిస్టేబుల్ వస్తాడు, అందరూ కొవ్వొత్తి వెలిగించి దండం పెట్టుకుని పోతారు. ఆ జనంలో మన సంఘం ఎవరో, చుట్టం చూపుగా వచ్చినవాళ్లెవరో తేల్చడం నావల్ల అయ్యేది కాదు.

వీళ్లందరూ ఒక రకం అనుకోవద్దు. సోమరులు ఉన్నారు, వాళ్లను నేను వెనకేసుకు రాను. ఆదివారం తొమ్మిదింటికి నిద్ర లేచే మనిషికి నేను చెప్పేదేమీ లేదు. బట్టల షాపులో పనిచేసే ఆడపిల్లలు ఉన్నారు. వాళ్లకు ఆదివారం అంటే నిలబడి నిలబడి కాళ్లు వాచే రోజు. ఇరవై ఏళ్ల కింద కమిటీలో ఎవరో తిట్టారని అలిగి, క్రిస్మస్‌కు మాత్రం వచ్చి ఆ తిట్టినాయన కంటబడేలా కూర్చుని పోయే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. తిట్టినాయన చచ్చిపోయినా ఈయన అలక మానలేదు. ఇంకో రకం వాళ్లు ఉన్నారు. వాళ్లను గుర్తుపట్టడానికే నాకు నాలుగేళ్లు పట్టింది. గుర్తుపట్టేటప్పటికి నేను చేయవలసిన నష్టం చేసేశాను.

పేర్లు చదివే ఆదివారం

మా చర్చిలో ఒక ఆచారం ఉండేది. డిసెంబరు మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు సభ్యుల రిజిస్టరు తెచ్చి, ఒక్కో కుటుంబం పేరూ బిగ్గరగా చదువుతాడు. ఆ ఇంటి పెద్ద లేచి నిలబడి "ఉన్నామయ్యా" అంటాడు. మూడేళ్లు వరసగా ఎవరూ లేవకపోతే ఆ కుటుంబాన్ని కొట్టేయవచ్చని రిజిస్టరు మొదటి పేజీలోనే రాసి ఉంది. కొట్టేసినవాళ్లకు ప్రభు భోజనంలో రొట్టె, ద్రాక్షరసం ఇవ్వకూడదు. రూలు పాతది, మిషనరీల కాలం నాటిది. ఎవరూ దాన్ని అంత పట్టించుకునేవారు కాదు.

నాకు ముందు పనిచేసిన రత్నం అయ్యగారు ఆ రిజిస్టరు నాకు అప్పజెప్పి పెరంబూరులో కొడుకు ఇంటికి వెళ్లిపోయారు. రిజిస్టరు తెరిచి చూస్తే నాకు చిరాకు వేసింది. చాలా పేర్లు ఇంకుతో ఉన్నాయి. ఓ పదిహేను కుటుంబాల పేర్లు మాత్రం పెన్సిలుతో ఉన్నాయి, అవి కూడా సన్నగా, చివరి పేజీల్లో. ముసలాయనకు ఓపిక లేక అలా వదిలేశారనుకున్నాను. మొదటి మూడేళ్లు ఆ పేజీల జోలికి పోలేదు.

నాలుగో ఏడు మా జిల్లా అయ్యగారు, అంటే నాపై అధికారి, తనిఖీకి వస్తున్నానని ఉత్తరం రాశారు. ఆయనకు రిజిస్టర్లంటే మహా ప్రేమ. చర్చి పైకప్పు కారుతున్నా ఏమీ అనరు గానీ, పేజీలో కొట్టివేత కనబడితే ఊరుకోరు. నేను కొత్త ఇంకు సీసా కొని, ఒక సాయంత్రం కూర్చుని, పెన్సిలు పేర్లన్నీ ఇంకుతో దిద్దాను. ఊరికే దిద్ది వదల్లేదు. బాప్తిస్మం రికార్డు కూడా పక్కన పెట్టుకుని, ఎవరెవరికి బయట ఇంకో పేరు ఉందో ఆ పేరు, ఇంటి ఆనవాలు, పిల్లల పేర్లు, అన్నీ చేర్చాను. నా దస్తూరి బాగుంటుందని అందరూ అనేవారు. నాకు కూడా ఆ పేరు నిలబెట్టుకోవాలని ఉండేది.

అక్కడితో ఆగినా బాగుండేది. డిసెంబరు మొదటి ఆదివారం ఆ పేర్లన్నీ చదివాను కూడా. వీళ్లను ఇన్నాళ్లూ సగం మనుషులుగా చూశాం గనకనే రావడం లేదు, పేరు పెట్టి పిలిస్తే వస్తారు, అని ఒక ఆలోచన నా బుర్రలో పుట్టింది. ఒక పేరు దగ్గర ఎవరూ లేవలేదు. నేను మళ్లీ చదివాను. "యాకోబు, బయట పేరు వెంకటేశు. భార్య కాంతమ్మ. కూతురు సుజాత. రైల్వే గేటు పక్క సందు. ఉన్నారా? లేరు. ఏం ఫర్వాలేదు, ఇరవై అయిదో తేదీ కనబడతారు." చర్చి అంతా నవ్వింది. నేను తరువాతి పేరుకు పోయాను.

కాఫీ తాగి పోయిన ఆఫీసరు

అది జరిగి మూడు నెలలైంది. ఒక మంగళవారం పొద్దున తాలూకా ఆఫీసు నుంచి రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ ఒకాయన వచ్చాడు. నెమ్మదైన తమిళాయన. నన్ను ఫాదర్ అన్నాడు. నేను ఫాదర్ని కాదని చెప్పే ఓపిక నాకు లేకపోయింది. కాఫీ ఇచ్చాను.

ఆయన చెప్పింది ఇది. సుజాత అనే అమ్మాయి సర్వీసు పరీక్ష రాసి, షెడ్యూల్డ్ కులం కోటాలో ఒక గవర్నమెంటు ఆఫీసులో టైపిస్టుగా చేరింది. ఇంకా ప్రొబేషన్ మీద ఉంది. ఈ పిల్ల హిందువు కాదు, క్రైస్తవురాలు, సర్టిఫికెట్ చెల్లదు అని ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. విచారించి రిపోర్టు రాయాలి. తేలితే ఉద్యోగం పోతుంది, కేసు కూడా పెట్టవచ్చు.

క్రైస్తవుడైతే ఆ కులం సర్టిఫికెట్ చెల్లదనే ఈ చట్టం సంగతి నాకు తెలియదని అనను. పేపర్లో చదివినట్టు తెలుసు. మా నాన్న నెల్లూరు పక్కన మిషన్ స్కూలు మాస్టరు. మా ఇంట్లో ఎవరికీ ఆ సర్టిఫికెట్‌తో పని పడలేదు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన యాకోబు ఉండే సందు మారలేదు, రైల్వే యార్డులో వ్యాగన్లు కడిగే పని మారలేదు, ఆయన్ను జనం చూసే చూపూ మారలేదు. కాగితం మీద మాత్రం ఆయన వేరే మనిషి అయిపోతాడు. ఇది అన్యాయమని నేను అప్పటికే రెండు మూడు మీటింగుల్లో మాట్లాడి ఉన్నాను. మాట్లాడినవాణ్ణి, నా చేతిలో ఉన్న రిజిస్టరులో చెరిపితే పోయే ఆ పెన్సిలు ఎందుకుందో ఆలోచించలేదు.

నేను ఆఫీసరుతో, వాళ్లు క్రిస్మస్‌కు వస్తుంటారని మాత్రం అన్నాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, "క్రిస్మస్‌కైతే మా ఇంటావిడ కూడా వస్తుంది ఫాదర్. కొవ్వొత్తి వెలిగించి పోతుంది. అది నేను లెక్కలోకి తీసుకోను. ఈ కుటుంబం మీ రిజిస్టరులో ఉందా లేదా, అది చూపించండి చాలు" అన్నాడు.

బీరువా తాళం సెక్రటరీ దగ్గర ఉంది, ఆయన డ్యూటీలో ఉన్నాడు, రేపు రండి అన్నాను. తాళం చెవి నా చొక్కా జేబులోనే ఉంది. ఆయనకు తెలిసే ఉంటుంది. సరే రేపు వస్తానని లేచాడు.

గేటు పక్క ఇల్లు

ఆయన వెళ్లగానే యాకోబు ఇంటికి పోయాను. నాలుగేళ్లలో ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. క్రిస్మస్‌కు మాత్రమే నా చర్చికి వచ్చేవాళ్ల ఇంటికి నేను క్రిస్మస్‌కు కూడా పోలేదని అక్కడ నిలబడ్డాక గాని నాకు తట్టలేదు.

యాకోబు షిఫ్టు దిగి అప్పుడే వచ్చాడు. కాంతమ్మ పొద్దునపూట ఇంటి ముందు ఇడ్లీలు అమ్ముతుంది, గిన్నెలు తోముతోంది. నన్ను చూసి ఇద్దరూ కంగారుపడ్డారు. సందులో ఎవరైనా చూశారా అన్నట్టు కాంతమ్మ ముందు బయటికి చూసింది, తరువాత నాకు స్టూలు వేసింది. జరిగింది చెప్పాను. పెన్సిలు పేర్లు నేనే ఇంకుతో దిద్దానని కూడా చెప్పాను. యాకోబు మోకాళ్లు చుట్టుకుని కింద కూర్చున్నాడు. తిట్టలేదు. ఆయన తిట్టి ఉంటే నాకు కొంచెం సులువయ్యేది.

మీరు ఆదివారాలు ఎందుకు రారో ఇప్పుడు అర్థమైందని నేనే మొదలుపెట్టాను. అప్పుడు యాకోబు చెప్పాడు. "మామూలు ఆదివారం వస్తే ఈడ నాలుగు సందులకీ తెలుస్తాదయ్యా. ఆడ ఎవురెవురు ఉండారో లెక్కపెట్టేంత మందే గదా ఉండేది. క్రిస్మస్ అయితే ఊరంతా వస్తాది. ఆ దినం మేమొచ్చినా ఎవురూ అడగరు. సంవత్సరానికి ఆ ఒక్క దినమే మాకు దొరికేది. రత్నం అయ్యగారు మాకు రొట్టె ఇచ్చి, ఏమీ ఎరగనట్టే పోయేటోరు. మీరు నిజంగా ఎరక్కనే ఇచ్చినారు. దానికోసరం మేము ఏడాదంతా చూస్తా ఉంటాము."

నేను నాలుగేళ్లుగా ఎగతాళి చేసిన ఆ ఒక్క రోజు, ఆ కుటుంబానికి తలుపు తెరిచి ఉండే ఒకే ఒక్క రోజు.

సుజాత లోపలినుంచి వచ్చింది. ఆఫీసుకు బయలుదేరుతున్నట్టుంది, భుజానికి బ్యాగు ఉంది. ఆ పిల్ల నన్ను అయ్యగారు అనలేదు. "నా పేరు మీ బుక్కులో రాయమని ఎవురు సార్ అడిగినారు? ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసులో నా పేరు రాయించుకునేదానికి నేను రెండు దినాలు క్యూలో నిలబడినా. మీరు కూర్చోని ఒక్క నిమిషంలో రాసేసినారు" అంది. వాళ్ల నాన్న తమిళంలో ఏదో గదమాయించాడు. ఆ పిల్ల ఊరుకుంది గాని లోపలికి పోలేదు. ఆ అమ్మాయి అన్నదాంట్లో తప్పేముంది?

కాంతమ్మే తేల్చింది. "కొట్టేయండయ్యా" అంది. "మూడేండ్లు ఆ పేర్లు పిలిచే దినం మేము రాలేదు గదా. రూలు ఉండాది. కొట్టేయండి. అబద్ధం గూడా కాదు."

నిజమే, రూలు ఉంది. రేపు ఆఫీసరుకు చూపించేటప్పటికి ఆ పేర్ల మీద గీత ఉంటుంది, కారణం ఉంటుంది, నా సంతకం ఉంటుంది. యాకోబు మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. మోకాళ్లు చుట్టుకుని కూర్చున్నవాడు తలెత్తి ఒక్కటే అడిగాడు.

"కొట్టేస్తే రొట్టె ఉండదు గదయ్యా?"

"అది కాగితం వరకే యాకోబూ. రొట్టె సంగతి నేను చూసుకుంటా. నా మాట నమ్ము" అన్నాను.

ఈ వృత్తిలో మనం మాట చాలా తేలిగ్గా ఇస్తాం. రోగి పక్కన నిలబడి ఇస్తాం, కోర్టు కేసులో ఉన్నవాడికి ఇస్తాం. అలవాటైపోతుంది. ఆ రోజు నేనిచ్చిన మాట కూడా అలాంటిదే.

చదివి వినిపించాను

మర్నాడు పొద్దున్నే గీత గీశాను. "మూడేళ్లకు మించి హాజరు లేనందున తొలగించడమైనది" అని రాసి, ఆ రోజు తేదీ వేసి సంతకం పెట్టాను. ముందు తేదీ వేయాలనే ఆలోచన వచ్చింది, వేయలేదు. అంతమాత్రానికి నన్ను నేను నిజాయితీపరుణ్ణి అనుకున్నానంటే చూడండి.

ఆఫీసరు వచ్చాడు. రిజిస్టరు తెలుగులో ఉంది, ఆయనకు తెలుగు చదవడం రాదు. వేలు పెట్టి చూపిస్తాను, మీరు చదవండి అన్నాడు. ఒక్కో పేరు మీద వేలు పెట్టాడు, నేను చదివాను. ఆయన వేలు గీత దగ్గరకొచ్చి ఆగింది. ఇంకు ఇంకా కొత్తగానే ఉంది. నేను పేర్లు చదివాను, తొలగించడమైనది అని చదివాను, తేదీ కూడా చదివాను. అది ఆ రోజు తేదీయే.

ఆయన నా మొహంలోకి చూశాడు. వీళ్లు మీ సంఘస్థులేనా అని మళ్లీ అడిగాడు.

"కాదు" అన్నాను. "మావాళ్లు కారు."

ఆయన రాసుకున్నాడు. లేచేముందు గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పాడు. ఉత్తరం రాసినవాడు బయటివాడు కాదట. వాళ్లు క్రిస్మస్ రోజు ఏ బెంచీలో కూర్చుంటారో, పాస్టరు చేతి మీదుగా రొట్టె ఎలా తీసుకుంటారో కూడా అందులో ఉందట. "రాసినవాడు మళ్లీ చూస్తాడు ఫాదర్. రొట్టె తీసుకున్నారని మళ్లీ రాస్తే, ఈసారి నేను రాను. నాపైవాళ్లు వస్తారు. మీ సంతకం కూడా అబద్ధమవుతుంది" అన్నాడు. మంచివాడు. ఆ మాట చెప్పాల్సిన పని ఆయనకు లేదు.

ఉత్తరం ఎవరు రాశారో నాకు తెలుసుననే అనుకుంటున్నాను. ఆయన కూతురు కూడా అదే పరీక్ష రాసింది, ఉద్యోగం రాలేదు. రుజువు లేదు గనక పేరు చెప్పను. ఆ డిసెంబరు ఆదివారం నేను యాకోబు పేరు చదివినప్పుడు ఆయన మూడో బెంచీలో కూర్చుని ఉన్నాడు. ఆయన్ను నేను ఎక్కువ తప్పుపట్టలేను, ఉత్తరానికి కావలసిందంతా ఆయనకు నేనే చదివి వినిపించాను.

రత్నం అయ్యగారి దగ్గరికి పెరంబూరు పోయాను. కోపంగానే పోయాను. రిజిస్టరు అప్పజెప్పేటప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది కదండీ అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తనకు ముందున్నాయన కూడా తనకు చెప్పలేదని, పెన్సిలు ఎందుకని తానే అడిగానని అన్నారు. "నువ్వు కూడా అడుగుతావనుకున్నా నాయనా. నాలుగేళ్లు ఎదురుచూశా, నువ్వు అడగలేదు" అన్నారు. నా కోపం అక్కడికక్కడే చల్లారింది. కొత్త చర్చిలో చేరిన మొదటి వారమే పాత పాస్టరును కలిసి, అర్థం కాని ప్రతి గుర్తు గురించీ అడగండి. ఈ వ్యాసంలో మీకు సలహాలాంటిది ఏమైనా ఉంటే అది ఇదొక్కటే.

రొట్టె

ఆ ఏడు క్రిస్మస్‌కు నేను జోకు వేయలేదు. ఎవరికీ ఎందుకో తెలియదు, గొంతు బాగోలేదేమో అనుకున్నారు.

మా చర్చిలో మామూలుగా రొట్టె కోసం జనం ముందుకు వస్తారు. క్రిస్మస్ రోజు ఆ జనంలో అది కుదరదు గనక, నేనే పళ్లెం పట్టుకుని బెంచీ బెంచీకీ పోతాను, నా వెనక ఒక సంఘపెద్ద రసం గ్లాసులు తెస్తాడు. తీసుకునేవాళ్లు చేయి చాపుతారు, మిగతావాళ్లు చేతులు ముడుచుకుని కూర్చుంటారు. వెనక నుంచి రెండో బెంచీలో చివర యాకోబు, పక్కన కాంతమ్మ, సుజాత. యాకోబు చొక్కా కొత్తది. నేను మూడు బెంచీల దూరంలో ఉండగానే ఆయన చేయి చాపాడు. నేను మాట ఇచ్చాను కదా.

నేను తల తిప్పి చూశాను. మూడో బెంచీలో కూర్చునే ఆయన ఆ రోజు వరండా గుమ్మం దగ్గర నిలబడ్డాడు, అక్కడినుంచి ఆ చివర బాగా కనబడుతుంది. ఆ పిల్లకు అప్పటికి ప్రొబేషన్ ఇంకా పూర్తికాలేదు.

నేను ఆ బెంచీ దాటేశాను. దాటేసి వెనక బెంచీకి పోయాను. యాకోబు చేయి ఇంకా అలాగే ఉందని నాకు తెలుసు, చూడలేదు. నా వెనక వస్తున్న సంఘపెద్ద ఏమీ ఎరగడు, పాపం, ఆ చేతికి గ్లాసు ఇవ్వబోయి, రొట్టె లేదని చూసి ఆగిపోయాడు. అప్పుడు యాకోబు చేయి తీసేసుకున్నాడు.

ఆరాధన అయ్యాక కాంతమ్మ వచ్చి, అందరిలాగే హ్యాపీ క్రిస్మస్ అయ్యగారూ అని, కవర్లో కజ్జికాయలు నా చేతిలో పెట్టి పోయింది. యాకోబు గేటు బయట నిలబడి ఉన్నాడు. సుజాత మాత్రం వెనక్కి తిరిగి నన్నొకసారి చూసింది. అందులో కోపం లేదు. దాన్ని ఏమనాలో నాకిప్పటికీ తెలియదు.

ఇక రారనుకున్నాను. వచ్చారు. మరుసటేడు వచ్చారు, ఆ తరువాతి ఏడూ వచ్చారు. అదే బెంచీ. సుజాతకు ఉద్యోగం ఖాయమైంది, పెళ్లయింది, మొగుణ్ణి కూడా వెంటబెట్టుకుని వచ్చింది. నేను ప్రతిసారీ ఆ బెంచీ దాటేవాణ్ణి. వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చునేవారు. మాకు ఆకలి లేదన్నట్టు కాదు. పెళ్లి ఇంట్లో వడ్డన తమ దాకా రాకపోయినా మర్యాదగా విస్తరి ముందు కూర్చునేవాళ్లను చూశాను, అలా. ఏడాదిలో యాభై రెండు ఆదివారాలూ వచ్చే మనిషి ఎవరైనా, అలా దాటిపోతుంటే ఎన్ని క్రిస్మస్‌లు వస్తాడు? నేనైతే రెండోసారి రాను.

నేను చేసింది తప్పా అని మీరు అడగవచ్చు. తప్పే. ఆ పిల్ల ఉద్యోగం మళ్లీ అలా నా చేతిలో ఉంటే ఏం చేస్తానని అడిగితే, మళ్లీ దాటేస్తాను. ఈ రెండు జవాబులూ నాలో ఒకదానితో ఒకటి పొసగలేదు. పొసగించే ప్రసంగం ఏదీ నేను తయారు చేయలేకపోయాను.

బదిలీ ఆర్డరు వచ్చిన ఏడు క్రిస్మస్‌కు, ఆరాధన అయి జనం పలచబడ్డాక కాంతమ్మ ఒక్కతే నా దగ్గరికి వచ్చింది. యాకోబుకు అప్పటికి ఒంట్లో బాగుండటం లేదు, బెంచీలోనే కూర్చుని ఉన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరైనా వింటున్నారేమో చుట్టూ చూసి అడిగింది.

"కొత్తయ్యగారు వస్తా ఉండారంట గదయ్యా. ఆయనకి మా సంగతి చెప్పబాకండి. ఎరగకపోతే, ఆయన రొట్టె ఇస్తాడు."

నేను చెప్పలేదు.